గుత్తి ఏనుగు పైసా కోసం అనంతపురంలో రెండు రోజులు

టిప్పు సుల్తాన్ గుత్తికి పెట్టిన పేరు ఫైజ్ హిసార్. ఆ పేరుతోనే అక్కడి టంకసాలలో రాగి పైసాలు కొట్టించాడు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు పారశీ లిపిలో ఊరి పేరు. ఆ పైసాను ఆ ప్రాంతంలోనే కొనాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

బస అనంతపురం బస్టాండు దగ్గర లాడ్జిలో. గది శుభ్రంగా ఉంది. వేడినీళ్లు మాత్రం ఉదయం ఆరు నుంచి ఏడు దాకే అని ముందు చెప్పలేదు, చన్నీళ్లే గతయ్యాయి. పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీ బాగున్నాయి. రెండు పూటలా అక్కడే తిన్నాను.

మొదటి రోజు పాత రాగి, ఇత్తడి సామాన్లు కొనే ఒక అంగడికి వెళ్లాను. పెద్దాయన రెండు ఏనుగు పైసాలు తీశాడు. "ఇది చూడు సామీ, ఎట్లా మెరుస్తాందో!" అని ఒకటి చేతిలో పెట్టాడు. దానికి పదిహేను వందలు, గోధుమ రంగులో ఉన్నదానికి తొమ్మిది వందలు చెప్పాడు.

భూతద్దం పెట్టి చూస్తే మెరిసేదాని మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలున. చింతపండుతో తోమారు. ఏనుగు చెవి అంచు అరిగి ఒంట్లో కలిసిపోయింది. రెండోదానిలో పొట్ట కాస్త అరిగినా నాలుగు కాళ్లు విడివిడిగా ఉన్నాయి, తోక కుచ్చు కూడా తెలుస్తోంది. నాణెం ఎంత అరిగిందో చెప్పే గ్రేడ్‌లలో, నా లెక్కన ఇది ఫైన్‌కు పైన, వెరీ ఫైన్‌కు కొంచెం తక్కువ. వెనక 'ఫైజ్' పూర్తిగా ఉంది, 'హిసార్' సగమే పడింది. అది అరుగుదల కాదు. చేత్తో కొట్టిన నాణెం కదా, అచ్చు పక్కకు జరిగింది. ధర తగ్గుతుంది గానీ గ్రేడ్ తగ్గించకూడదు. బంగారం తూచే కాటాలో పెడితే పదకొండు గ్రాములకు దగ్గరగా తూగింది, ఆ పైసాకు ఉండాల్సిన బరువే. అదే కొన్నాను.

ఆయన దగ్గర 1808 నాటి ఈస్టిండియా కంపెనీ 20 కాసుల నాణెం కూడా ఉంది. రెండు వందల ఏళ్లదని మూడు వేలు అడిగాడు. మద్రాసుకు ఈ నాణేలు మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డనర్ ఓడ 1809లో ఇంగ్లండ్ తీరంలో మునిగింది. 1980లలో దాంట్లోంచి లక్షల నాణేలు బయటికి తీశారు. ఎంత పాతదైనా, అన్ని దొరుకుతుంటే అరుదైనదని ఎలా అంటాం? ఆ మాట చెబితే ఆయన శ్రద్ధగా విన్నాడు.

రెండో రోజు గుత్తి కోట. బస్సులో యాభై కిలోమీటర్లు. ఎక్కడం కష్టమే, నీడ తక్కువ. రెండు సీసాల నీళ్లతో ఎనిమిదింటికల్లా మొదలుపెట్టండి. కొండ అంచున, గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు మండపం దాకా వెళ్లకుండా దిగొద్దు.

సాయంత్రం మళ్లీ అంగడికి వెళ్తే, ప్లాస్టిక్ బకెట్లో చింతపండు నీళ్లు, అందులో గుప్పెడు నాణేలు. ప్రాణం ఉసూరుమంది. వందల ఏళ్లుగా పట్టిన ఆ గోధుమ పొర పోతే మళ్లీ రాదని, తోమిన నాణేన్ని సేకరించేవాళ్లు సగం ధరకు కూడా అడగరని బతిమాలాను. పెద్దాయన మారు మాట్లాడకుండా చెయ్యి ముంచి అన్నీ బయటికి తీశాడు. మంచినీళ్లతో కడిగి, పాత పంచె మీద ఆరబెట్టాం.