భగందరం: కత్తా, దారమా?

మలద్వారం పక్కన సన్నటి సొరంగంలా ఏర్పడి చీము కారే భగందరానికి, అంటే ఫిస్టులాకు, మన దేశంలో తరచూ వినిపించే మార్గాలు రెండు: చీల్చి తెరిచే ఆపరేషన్, ఆయుర్వేదపు క్షారసూత్రం.

ఆపరేషన్‌లో సర్జన్ సొరంగాన్ని పొడవునా కోసి తెరిచి, అడుగు నుంచి మానేలా వదిలేస్తారు. రెండోది నిదానం. లినెన్ దారానికి ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపుతో మొత్తం 21 పూతలు వేస్తారు. దాన్ని సొరంగంలోంచి దూర్చి ముడివేసి, వారానికోసారి మారుస్తారు. దారం కొద్దికొద్దిగా కోసుకుంటూ పోతుంటే వెనకే పుండు మానుతూ వస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి ఈ రెండింటినీ పోల్చి చూసిన పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. మానడానికి ఆపరేషన్‌కు సుమారు 4 వారాలు, దారానికి 8. తిరగబెట్టింది మాత్రం ఆపరేషన్ చేయించుకున్నవారిలో 11 శాతం, దారం కట్టించుకున్నవారిలో 4 శాతమే. వారం వారం దారం మార్చేటప్పటి నొప్పిని ఓర్చుకోగలిగితే, నేనైతే దారం వైపే మొగ్గుతాను.

అయితే సొరంగం మలద్వార కండరంలోంచి ఎంత మేర వెళ్లిందో తేలాకే ఏదైనా. కండరం ఎక్కువగా తెగితే మలం ఆపుకొనే పట్టు పోతుంది. కొమ్మలుగా చీలిన, లేదా ఒకసారి తిరగబెట్టిన ఫిస్టులాకు ముందు ఎంఆర్ఐ తీయించడం మేలు.