పాత కనెక్టెడ్ కారు కొనేవారికి హెచ్చరిక: ఆర్‌సీ మన పేరున, ఆచూకీ పాత యజమాని ఫోన్‌లో

హైదరాబాద్‌లో పాత కార్ల కోసం తిరిగినవారికి నేను ఎవరి గురించి రాస్తున్నానో పేరు చెప్పకుండానే అర్థమవుతుంది. ఈ నెలలోనే ఆ డీలర్ దగ్గర మా ఆవిడ కోసం కనెక్టెడ్ కారు, అంటే ఇంటర్నెట్ ద్వారా ఫోన్ యాప్‌తో కలిసి ఉండే కారు కొన్నాం. యాజమాన్య బదిలీకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి, ఆర్‌సీ ఆమె పేరుకు మారింది. తీరా కంపెనీ యాప్‌లో ఆమె నంబరు నమోదు చేయబోతే, ఈ వాహనం ఇప్పటికే మరొక ఖాతాలో ఉందని వచ్చింది. అంటే కారు ఎక్కడ ఆగిందీ, ఏ వేళకు కదిలిందీ అందులోనే అమర్చిన ఈ-సిమ్ (ఇంటర్నెట్ సిమ్) ద్వారా ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌కు చేరుతూనే ఉంది. తలచుకుంటే అతను కూర్చున్నచోటి నుంచే తలుపులు కూడా తెరవగలడు.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆమె ఈ భయమే చెప్పుకుంటే, డీలర్ దగ్గరి మేనేజర్ తలెత్తకుండానే, "అమ్మినాయన పెద్దమనిషి మేడమ్, చూస్తే మాత్రం మీకేం పోతుంది? దాచుకునేదేమైనా ఉందా?" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. డబ్బు తీసుకునేదాకా అమ్మా అని పిలిచిన నోటితోనే, అంతమంది ముందు, ఒక ఆడమనిషి నడవడికను అనుమానించే మాట అనడాన్ని నేను క్షమించలేను. ఆర్‌సీ మార్చడంతో తమ పని అయిపోయిందట.

ఇది అనవసర భయం కాదు. 2023లో మొజిల్లా ఫౌండేషన్ పరిశీలించిన 25 కార్ల బ్రాండ్లలో ఒక్కటి కూడా గోప్యత విషయంలో నెగ్గలేదు. 2024 చివర్లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు సాఫ్ట్‌వేర్ సంస్థ నిర్లక్ష్యం వల్ల సుమారు 8 లక్షల విద్యుత్ కార్ల సమాచారం రక్షణ లేకుండా బయటపడింది. వాటిలో లక్షలాది కార్లు ఆగిన చోట్లు కూడా ఉన్నాయి. మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లోనే వచ్చినా, దాని నియమావళి 2025 నవంబరులో గానీ వెలువడలేదు. కంపెనీల ప్రధాన బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు.

ఆర్‌సీ నకలు జతచేసి కంపెనీకి మెయిల్ పంపాం. ఖాతా మారేవరకు ఆమె ఆ కారు తీయదు.

కొనేవారు మిగతా సొమ్ము చెల్లించకముందే పాత యజమాని చేత యాప్‌లోంచి వాహనాన్ని తొలగింపజేసి, మీ ఖాతాలో నమోదైందని కళ్లారా చూసుకోండి. అమ్మేవారు కారు తెరలో మిగిలిన ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామా చెరిపేయండి. డీలర్ వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.