నాలుగు పొయ్యిలు, ఒక్క వంటమనిషి: క్యూ6600తో పదిహేడేళ్లు

2008 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణం కుర్రాడు నా ముందు రెండు కంప్యూటర్ ప్రాసెసర్ డబ్బాలు పెట్టాడు. రెండింటి ధరా దాదాపు ఒకటే, 11 వేల పైచిలుకు. ఒకటి 3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు కోర్ల ఇంటెల్ ఈ6850. రెండోది 2.4 గిగాహెర్ట్జ్ నాలుగు కోర్ల క్యూ6600, అదీ ఇంటెల్‌దే. కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం. "గేములకా సార్, పనికా?" అని అడిగాడు. గుంటూరులో నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ పని. "పనికే" అని నాలుగు కోర్ల డబ్బా తీసుకున్నాను. 2007 జనవరిలో 851 డాలర్లకు విడుదలైన చిప్ అది. జులైకల్లా 266 డాలర్లకు దిగివచ్చింది. అంత ఖరీదైన సరుకు చవగ్గా దొరికిందన్న ఆశ కూడా కొంత పనిచేసిందని ఒప్పుకోవాలి.

మొదటి వారమే ఉత్సాహం చల్లబడింది. ప్రాసెసర్ ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే కోర్‌కు ఒకటి చొప్పున నాలుగు గళ్లు కనబడేవి. తలంబ్రాల ఘట్టానికి స్లో మోషన్ పెట్టి, పైన అక్షింతలు రాలే ఎఫెక్ట్ వేసి రెండర్‌కు, అంటే వీడియోను తుది రూపానికి తెచ్చే పనికి, వదిలితే ఒక గడిలో గీత పైకెక్కేది, మిగతా మూడింటిలో నేలను పాకేది. మొత్తం వాడకం 25 శాతం దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయేది. ఆ ఎఫెక్ట్ రాసినవారు ఒక్క కోర్‌నే దృష్టిలో పెట్టుకున్నారు మరి. పొయ్యిలు నాలుగున్నా వంటమనిషి ఒక్కడే అయితే అన్నం ఉడికాకే పప్పు ఎక్కుతుంది. ఈ6850 కొన్న మా స్నేహితుడి యంత్రంలో అదే పని నాకంటే ముందే అయ్యేది. ఆ సంగతి అతను నాకు గుర్తు చేయని రోజు లేదు.

కెమెరా టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడంలోనూ నాలుగు కోర్ల వల్ల లాభం లేదు. మినీ డీవీ టేపు గంటసేపు ఉంటే ఫైర్‌వైర్ తీగ గుండా కంప్యూటర్‌లోకి రావడానికీ గంటే పడుతుంది. ప్రాసెసర్ ఏదైనా ఒకటే.

అయితే డీవీడీ తయారీ దగ్గర లెక్క మారింది. వీడియోను డీవీడీకి తగ్గట్టు కుదించే ఎంపెగ్-2 ఎన్‌కోడర్ నాలుగు కోర్లనూ వాడుకోగలదు. పాత పెంటియమ్ 4 మీద మూడు గంటల పెళ్లిని రాత్రి మొదలుపెడితే తెల్లవారేది. దీని మీద రెండు గంటల లోపే చేతికి వచ్చింది. మాఘమాసం ముహూర్తాల్లో వారానికి నాలుగు పెళ్లిళ్లు చేసే నాకు ఆ ఒక్క పనితోనే డబ్బు గిట్టిపోయింది. ఇంట్లో ఉత్తరాలు టైపు చేసుకునేవారికి, ఫొటోలు చూసుకునేవారికి మాత్రం ఆ రోజుల్లో ఈ6850 కొనుక్కోమనే చెప్పేవాణ్ని.

క్యూ6600 నిజానికి ఒకే ముక్క కాదు. రెండు కోర్ల చిప్‌లు రెండింటిని ఒకే పెంకులో పక్కపక్కన కూర్చోబెట్టారు. ఒక్కో జంటకు 4 మెగాబైట్ల క్యాష్, అంటే చేతికందేంత దగ్గరుండే వేగమైన చిన్న మెమొరీ. ఈ జంట ఆ జంటతో మాట్లాడాలంటే బయటకు వెళ్లి, మదర్‌బోర్డు మీద సమాచారం నడిచే దారి, అంటే బస్, మీదుగా తిరిగి రావాలి. ఒకే ఇంట్లో ఉంటూ వీధి గుమ్మం గుండా కబురు పంపుకునే అన్నదమ్ముల్లాగ. నాలుగు కోర్లనూ ఒకే ముక్కగా పోతపోసిన, ఇంటెల్ పోటీదారు ఏఎండీ వారి ఫినమ్ 2007 నవంబరులో వచ్చింది. కానీ తొలి విడత చిప్‌లలో మెమొరీ చిరునామాలు గుర్తుంచుకునే టీఎల్‌బీ భాగంలో లోపం బయటపడింది, దానికి బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌లో) వేసిన మందు వేగాన్ని తినేసింది. సరిచేసిన విడత 2008 మార్చిలో వచ్చేసరికి నా కొనుగోలు అయిపోయింది.

వేడి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. డబ్బా మీద ఎస్ఎల్ఏసీఆర్ అన్న గుర్తు చూసి మరీ కొన్నాను. అది 95 వాట్ల రకం, అంతకుముందు వచ్చింది 105 వాట్లు. అయినా గుంటూరు మే నెల ముందు 95 వాట్లూ తక్కువేమీ కాదు. రెండో వేసవిలో ఒక పెళ్లి రెండర్ మధ్యలో యంత్రం చప్పున ఆగిపోయింది. విప్పి చూస్తే ఫ్యానును బోర్డుకు బిగించే నాలుగు పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉంది, రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది. తప్పు నాదే, ఏడాదికి పైగా మూత తీయలేదు. దుమ్ము దులిపి, చిప్ వేడిని ఫ్యాను వైపు చేరవేసే పేస్టు మార్చి, పిన్ను టక్కుమనేదాకా నొక్కాను. ఆ తరువాత ఇబ్బంది రాలేదు. కరెంటు కోతల కాలంలో యూపీఎస్ మాత్రం రెండర్ నడుస్తుంటే ఎన్నడూ నన్ను ప్రశాంతంగా ఉండనివ్వలేదు.

దీని అసలు విలువ కొన్న రెండేళ్లకు గాని తెలియలేదు. 2010లో 64 బిట్ల విండోస్ 7 వేసి, మెమొరీ 8 గిగాబైట్లకు పెంచాను. అప్పటికి హెచ్‌డీ కెమెరాలు వచ్చాయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నాలుగు కోర్లతో పనిచేయడం నేర్చుకుంది. బస్ వేగం 266 నుంచి 333 మెగాహెర్ట్జ్‌కు పెంచితే తొమ్మిది రెట్ల లెక్కన ఇదీ 3 గిగాహెర్ట్జ్‌కు చేరింది. హెచ్‌డీ దృశ్యం మా స్నేహితుడి యంత్రంలో తడబడుతుంటే నా దగ్గర సాఫీగా నడిచింది. 2012లో అతను దాన్ని అమ్మేశాడు. నేను గుర్తు చేయాల్సిన వంతు వచ్చింది, చేశాను కూడా. 2020 లాక్‌డౌన్‌లో మా అమ్మాయి ఆన్‌లైన్ తరగతులన్నీ దీని మీదే విన్నది.

అందరికీ నిస్సంకోచంగా కొనమని చెప్పగలిగిన నాలుగు కోర్ల చిప్ 2009 సెప్టెంబరులో వచ్చింది, ఇంటెల్ ఐ5-750. ఒక్క కోర్‌కే పని పడితే దాని వేగాన్ని 2.66 నుంచి 3.2 గిగాహెర్ట్జ్ దాకా తనంతట తానే పెంచుకుంటుంది. నా 25 శాతం రోగానికి మందు అదే.

ఇక ఈరోజు పాత సామాను దుకాణంలో క్యూ6600 చవగ్గా కనబడితే కొనవచ్చా? వద్దు. విండోస్ 11 తాజా రూపాలు అడిగే ఎస్ఎస్ఈ4.2 అనే ప్రాసెసర్ సూచనలు ఇందులో లేవు, కాబట్టి ఆ విండోస్ రూపాలు దీని మీద అసలు బూట్ కావు. ఆఫీసులు వదిలించుకున్న ఐ5-2400 యంత్రం దొరికితే అది తీసుకోండి.

నాది మాత్రం ఇంకా బల్ల కిందే ఉంది, లైనక్స్ మీద నడుస్తోంది. ఈ మధ్య పాత పెళ్లిళ్లవాళ్లు మినీ డీవీ టేపులు పట్టుకొచ్చి ఫోన్లోకి ఎక్కించి ఇమ్మంటున్నారు. ఫైర్‌వైర్ కార్డు ఉన్నది దీనికే. గంట టేపుకు గంట పడుతోంది, మూడు గళ్లలో గీత నేలనే పాకుతోంది.