ఆరేళ్ల పెన్‌డ్రైవు: పోర్టబుల్ లిబ్రాఫీస్‌తో నా అనుభవం

పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరు చెప్పినా ఇన్‌స్టాల్ చేయనక్కరలేదన్న సౌకర్యంతోనే మొదలుపెడతారు. చెన్నైలో తెలుగు శుభలేఖలు, కరపత్రాలు కూర్చి ఇచ్చే నాకు అది రెండో సంగతి. మొదటిది, నా అక్షరాలు నాతోనే రావడం. పెన్‌డ్రైవు నుంచే నడిచేలా పోర్టబుల్‌యాప్స్ అనే సైటువారు ఇచ్చే లిబ్రాఫీస్‌లో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది) యాప్, లిబ్రాఫీస్, షేర్, ఫాంట్స్ అని లోపలికి వెళ్తూ పోతే ట్రూటైప్ అనే ఫోల్డరు వస్తుంది. మండలి, రామభద్ర, సురన్న ఫాంట్లను అందులో కాపీ చేసి పెట్టుకున్నాను. అప్పటినుంచి పెన్‌డ్రైవును ఏ విండోస్ కంప్యూటర్‌కు తగిలించినా, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరినీ అడగకుండానే, అవి ఫాంట్ల జాబితాలో కనిపిస్తున్నాయి.

పారిస్‌లో, అంటే చెన్నైలోని ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో, ఆండర్సన్ వీధి కార్డుల దుకాణాలకు వెళ్లేవారికి దీని విలువ తెలుస్తుంది. అక్కడి కంప్యూటర్లలో తమిళ ఫాంట్లు డజన్ల కొద్దీ ఉంటాయి గానీ, తెలుగుకు విండోస్‌తో వచ్చే నిర్మలా ఫాంటే దిక్కు. దానితో అక్షరాలు డబ్బాలుగా మారవు, నిజమే; కానీ రామభద్రలో ఒక్క వరుసలో ఒదిగిన వధూవరుల పేర్లు రెండు వరుసలై, ముహూర్తం కాస్తా రెండో పేజీలోకి జారిపోతుంది. పీడీఎఫ్ తీసుకెళ్తే చాలదా అంటారు. పెళ్లివారితో పని చేయనివారు అడిగే ప్రశ్న అది. ప్రింటుకు ఇచ్చే నిమిషంలో ఫోన్ చేసి, తాతగారి పేరుకు ముందు కీర్తిశేషులు అని చేర్చమంటారు. అలాంటప్పటి కోసం గుణింతాలన్నీ టైపు చేసిన ఫైలొకటి డ్రైవులో ఉంచాను. తెలుగు కీబోర్డు లేని చోట అందులోంచి ఒక్కో అక్షరం కాపీ చేసి అతికిస్తాను.

ఇంతగా నమ్మిన వస్తువు రెండేళ్ల కిందట శ్రావణమాసంలో నన్ను నడివీధిలో నిలబెట్టింది. నేను లోపల కాగితం రంగు ఎంచుకుంటూ ఉండగా, దుకాణంలోని కుర్రవాడు ఇంకొకరి డ్రైవు పెట్టడానికి చోటు కావాలని నాది లాగేశాడు. లిబ్రాఫీస్ అప్పటికి తెరిచే ఉంది. తప్పు అతనొక్కడిదే అనలేను. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి డ్రైవులను త్వరగా తీసేయడానికి వీలుండే పద్ధతే డిఫాల్టు అయిందని చదివి, డ్రైవు తీసేముందు సేఫ్లీ రిమూవ్ నొక్కే అలవాటు నేనే మానుకున్నాను. డ్రైవు మీదికి రాత ఏదీ జరగని సమయంలోనే ఆ వెసులుబాటు పనికొస్తుందని, పోర్టబుల్ ప్రోగ్రాము మాత్రం తెరిచి ఉన్నంతసేపూ తన సెట్టింగులనూ తాత్కాలిక ఫైళ్లనూ అదే డ్రైవులో రాసుకోవచ్చని నాకు తట్టలేదు. పైగా నాది ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవు; విండోస్ వాడే మరో పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మాదిరిగా జరుగుతున్న మార్పుల చిట్టా అందులో ఉండదు.

ఇంటికొచ్చి చూస్తే ఆ సీజను శుభలేఖల ఫోల్డరు ఖాళీగా ఉంది. డ్రైవులో తప్పులను సరిచేసే విండోస్ ప్రోగ్రాము చెక్‌డిస్క్ నడిపాక ఫౌండ్.000 అనే దాగిన ఫోల్డరు పుట్టింది, అందులో ఫైల్0000 మొదలుకొని పేర్లు లేని సీహెచ్‌కే ఫైళ్లు నలభైకి పైగా ఉన్నాయి. ఒక్కొక్కదాని పేరు చివర లిబ్రాఫీస్ ఫైళ్లకుండే ఓడీటీ అని మార్చి తెరుస్తూ కూర్చుంటే తెల్లవారుజామున మూడింటికి పదకొండు దక్కాయి. మిగతావి మళ్లీ కూర్చవలసి వచ్చింది. ఇప్పుడు ప్రతి సాయంత్రం డ్రైవు మొత్తాన్ని ఇంటి కంప్యూటర్‌లోకి కాపీ చేస్తున్నాను. దుకాణంలో ఉన్నంతసేపూ కుర్చీ వదలను.

వాడిన చోట జాడ మిగలదని మొదట్లో చాలామందికి చెప్పాను. ఆ మాటను కొంత వెనక్కి తీసుకోవాలి. ఒక దుకాణంలోని ఇటీవలి ఫైళ్ల జాబితాలో, నెల కిందటి నా ఫైలు పేరు, పెళ్లికూతురి పేరుతో సహా, కనిపించింది. వేగం సంగతీ అంతే. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో లిబ్రాఫీస్ తెరుచుకునేలోపు ఒక టీ తాగి రావచ్చు. ఒకసారి కొత్త వెర్షను వేసుకున్నాక ఫాంట్లన్నీ మళ్లీ పెట్టుకోవలసి వచ్చింది కూడా.

నాకు నెలకు మూడు నాలుగు సార్లు పారిస్ వెళ్లే పని ఉంటుంది, ఉన్న లాప్‌టాప్ మూత విరిగి బల్ల మీదికే పరిమితమైంది, కాబట్టి ఈ పద్ధతి నాకు సరిపోయింది. కొత్త లాప్‌టాప్‌ను భుజాన వేసుకుని తిరిగేవారికి దీని అవసరం లేకపోవచ్చు. ఆఫీసులో వాడుకుందామనుకునేవారు ముందు అక్కడ పెన్‌డ్రైవు పెట్టనిస్తారో లేదో కనుక్కోవాలి; మా మేనల్లుడి కంపెనీలో పోర్టులే మూసేశారు. మ్యాక్ వాడే దుకాణాల్లోనూ ఇది పనిచేయదు, అక్కడికి నేను పీడీఎఫే తీసుకెళ్తాను.