నక్కలగుట్ట నుంచి కాజీపేటకు ఎలక్ట్రిక్ సైకిల్: మూడో ఏట ఒక సమీక్ష

రోజూ అయిదారు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు వెళ్లి సాయంత్రం తిరిగివచ్చేవారు ఎలక్ట్రిక్ బండి కొనేటప్పుడు ముందుగా అడిగేది, ఒకసారి ఛార్జ్ చేస్తే ఎంత దూరం వస్తుందని. ఇంత తక్కువ దూరానికి ఆ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోగలమా, వెనుక చక్రం పంక్చరైతే మన వీధిలో దాన్ని ముట్టుకునేవారు ఉన్నారా అన్న రెండూ ముందు తేల్చుకోవాలని, హనుమకొండ నక్కలగుట్ట నుంచి కాజీపేటకు మూడో ఏడు ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కుతున్నవాడిగా నా అభిప్రాయం. మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు.

ముప్పై వేలకు కాస్త తక్కువలో కొన్న ఈ సైకిల్‌కు వెనుక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు, 36 వోల్టుల, 7.5 ఆంపియర్-అవర్ లిథియం అయాన్ బ్యాటరీ, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. ఇంకాస్త డబ్బు పెడితే లెడ్ యాసిడ్ బ్యాటరీలతో నడిచే చిన్న స్కూటర్ వచ్చేది. అయితే దాని సీటు కింద ఉండే బ్యాటరీల బరువు అంతా కలిపి ముప్పై కిలోల దాకా ఉంటుంది కనుక వాటిని మేడ మీదికి మోయడం కుదరని పని, సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింటు లేనివారికి ఆ బండి దండగ. పైగా రోజూ వాడితే ఆ బ్యాటరీలు రెండేళ్లు నిలవడమే గగనం. "ఒక వైరు తీసేస్తే వేగం నలభై దాకా పోతుంది సార్" అని అమ్మేవారు చెప్పే మాటకూ చెవి ఒగ్గకూడదు. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉన్నంతవరకే లైసెన్సు, నంబరు ప్లేటు అక్కరలేదు. ఆ హద్దు దాటిన బండికి ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషనూ బీమా లేని మోటారు వాహనం నడిపినట్లే లెక్క.

దూరం సంగతి లెక్కకట్టి తెలుసుకోవచ్చు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఈ బ్యాటరీలో 270 వాట్-అవర్లు ఉన్నాయని తేలుతుంది. తొక్కుతూ వెళితే కిలోమీటరుకు తొమ్మిది పది, తొక్కకుండా ఒట్టి థ్రాటిల్ (హ్యాండిల్ దగ్గరి యాక్సిలరేటర్) మీద వెళితే పద్నాలుగు పదిహేను వాట్-అవర్లు ఖర్చవుతాయి. కొత్తలో నాకు తొక్కుతూ ముప్పై కిలోమీటర్లకు దగ్గరగా, థ్రాటిల్ మీద పద్దెనిమిది వచ్చేవి. కంపెనీ కార్డు మీద నలభై, ఇరవై అయిదు అని ఉంది. ఇప్పుడు అందులో అయిదో వంతు తగ్గినా నా రాకపోకలకు ఇబ్బంది లేదు. ఒక పూర్తి ఛార్జింగుకు యూనిట్‌లో మూడో వంతు కరెంటు కాలుతుంది, ఏ స్లాబులో ఉన్నా మూడు నాలుగు రూపాయలు మించదు.

మోటారు సత్తా తెలిసేది ఫాతిమా నగర్ బ్రిడ్జి మీద. తొక్కకుండా థ్రాటిల్ ఒత్తి ఎక్కితే సగం దూరంలోనే వేగం పన్నెండుకు పడిపోతుంది, డిస్‌ప్లేలో బ్యాటరీ గీతలు రెండు మాయమై, దిగేటప్పుడు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. బరువు మీద పడినప్పుడు వోల్టేజీ కాసేపు దిగడం వల్ల అలా జరుగుతుందే తప్ప ఛార్జ్ అయిపోయి కాదు. కింది నుంచే చిన్న గేరులో తొక్కుతూ ఎక్కితే మోటారుకూ మోకాళ్లకూ శ్రమ ఉండదు.

పంక్చర్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. వెనుక చక్రం ఇరుసు దగ్గర నుంచి లావుపాటి వైరు ఒకటి ఫ్రేము వెంబడి, మోటారుకు కరెంటును అదుపుచేసి పంపే కంట్రోలర్‌కు వెళుతుంది. దాన్ని చూడగానే మామూలు సైకిల్ షాపువారు కంపెనీకే తీసుకెళ్లమంటారు. నిజానికి చిన్న పంక్చర్‌కు చక్రం విప్పనవసరమే లేదు. వైరు లేని వైపు టైరు అంచు లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్లలో ముంచి ప్యాచ్ వేస్తే సరిపోతుంది. ట్యూబే మార్చాలంటే మాత్రం ముందు వైరు కనెక్టరును తిప్పకుండా తిన్నగా లాగాలి, బిగించేటప్పుడు రెండు ముక్కల మీది బాణపు గుర్తులు ఎదురెదురుగా రావాలి. ఇరుసుకు ఉండే కొక్కెం వాషరు ఫ్రేము గాడిలో కూర్చోకపోతే, మోటారు తిరగగానే ఇరుసే తిరిగి వైరును మెలిపెట్టి తెంపుతుంది. సుబేదారిలో నేను వెళ్లే షాపాయనకు ఒకసారి పక్కన నిలబడి ఇదంతా చూపించాను, ఇప్పుడు ఆయన నాకు చెబుతున్నాడు. మోటారు బరువు లాగే చక్రం కనుక ఊచలు కూడా వదులవుతుంటాయి. టిక్కుటిక్కుమనే చప్పుడు మొదలైతే అశ్రద్ధ చేయరాదు.

వానాకాలంలో మోటారు ఆగిపోతే బ్యాటరీ పోయిందని కంగారు పడనక్కరలేదు. బ్రేకు పట్టగానే మోటారును ఆపే చిన్న స్విచ్ హ్యాండిల్ దగ్గర ఉంటుంది, అందులో తడి చేరితే బ్రేకు పట్టినట్లే భావించి మోటారుకు కరెంటు ఆపేస్తుంది. మనం తొక్కుతున్నామని మోటారుకు తెలిపే, పెడల్ దగ్గరి అయస్కాంతాల బిళ్లకు బురద పట్టినా ఇదే తంతు. మొదటి వానలకే నాకు ఇలా అయితే సర్వీసు సెంటరు వారు కంట్రోలర్ మార్చాలన్నారు. బ్రేకు లీవరు ఎండాక బండి తనంతట తానే నడిచింది.

ఎండాకాలంలో ఎండన పడి వచ్చిన బ్యాటరీని వెంటనే ఛార్జింగుకు పెట్టకుండా, గంటసేపు నీడన చల్లారనిచ్చి, కంపెనీ ఛార్జర్‌తోనే, మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చేస్తాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇలాంటి ప్రమాదాల తరవాతే రిజిస్ట్రేషన్ అయ్యే బళ్ల బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణం కింద జరిపే పరీక్షలను కఠినం చేశారు. సైకిళ్లు ఆ నిబంధన కిందికి రావు కాబట్టి ఊరూ పేరూ లేని బ్యాటరీ రెండు వేలు తక్కువకు వచ్చినా నేను కొనను. పడకగదిలోనో, బయటికి వెళ్లే ఒకే ఒక్క దారిలోనో ఛార్జింగ్ పెట్టకపోవడం కూడా ముఖ్యమే.

కొత్త బ్యాటరీ ధర సైకిల్ ధరలో మూడో వంతు పైమాటే. కొనేముందే ఆ ధర అడిగి, విడిగా అమ్ముతారో లేదో బిల్లు మీద రాయించుకోవడం మంచిది. వెనకాల ఇంకొకరిని ఎక్కించుకోవాలన్నా, రోజుకు పాతిక కిలోమీటర్లు దాటినా ఈ సైకిల్ చాలదు. అలాంటివారు రిజిస్ట్రేషన్ ఉన్న లిథియం స్కూటరే తీసుకోవాలి. తెలంగాణలో 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు దానికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు కనుక, షోరూమువారు ఇచ్చే ధరల కాగితంలో ఆ రెండు గడులు ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకుని డబ్బు కట్టాలి.