ఏ ట్యూబా మేలు? బరంపురం బ్యాండు మేళాల్లో తెగని తగవు

బరంపురంలో పెళ్లి ఊరేగింపులకి వెళ్లే బ్యాండు మాస్టార్లనీ, పర్లాకిమిడిలో పట్టాళం బ్యాండులో చేసి రిటైరై వచ్చినవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి "ట్యూబాల్లో ఏది మంచిదండీ?" అని అడిగితే ఆ పూట భోజనాలు చల్లారిపోవలసిందే. ట్యూబా అంటే బ్యాండులో మంద్ర స్వరాలు పలికే పెద్ద ఇత్తడి ఊదుడు బాజా. మెడలో వేసుకునే సూసాఫోన్ తప్ప మరేదీ వీధిలో పనికిరాదని ఒకాయన తేల్చేస్తాడు. నాలుగు పిస్టన్ల (వేళ్లతో నొక్కే మీటల) ఈ-ఫ్లాట్ ట్యూబా లేకపోతే శృతి కుదరదని ఇంకొకాయన పట్టు. కుర్రాళ్లు ఫోన్లో అమెరికా ఆర్కెస్ట్రాలు చూసి సి ట్యూబా కావాలంటారు. వీళ్లంతా సంగీతం తెలిసినవాళ్లే. ఎవరి అనుభవంలో ఏ పని ఉందో ఆ పనికి తగిన బాజానే మంచిదంటున్నారు. కాబట్టి ముందు తేలవలసింది మీరు నడుస్తూ వాయిస్తారా, కూర్చుని వాయిస్తారా, మీ పక్కన ఏ వాయిద్యాలుంటాయి అన్నది.

1835లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ వీప్రెఖ్ట్ అనే సైనిక బ్యాండు అధికారి, యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్జ్ అనే వాయిద్యాల తయారీదారు కలిసి పేటెంటు తీసుకున్న మొదటి ట్యూబా ఎఫ్ శృతిలోది, 5 వాల్వులది (వాల్వంటే గాలి దారి మార్చే మీట, పిస్టన్ అందులో ఒక రకం). మూడు పిస్టన్ల బి-ఫ్లాటే అసలు సిసలు ట్యూబా అని మన మాస్టార్లు వాదించినప్పుడు ఇది గుర్తుచేస్తే కొంచెం నెమ్మదిస్తారు.

శృతి సంగతి హార్మోనియం తెలిసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఏ పిస్టనూ నొక్కకుండా ఊదితే వచ్చే స్వరాన్ని షడ్జమం అనుకుంటే, ఎఫ్ ట్యూబా నాలుగు శృతి, ఈ-ఫ్లాట్ రెండున్నర, సి ఒకటి, బి-ఫ్లాట్ ఆరున్నర. గొట్టం చుట్టలు విప్పి సాగదీస్తే ఎఫ్‌ది సుమారు 12 అడుగులు, ఈ-ఫ్లాట్‌ది 13, సి 16, బి-ఫ్లాట్ 18. గొట్టం పొడుగయ్యేకొద్దీ మంద్రం దిగుతుంది, బరువు పెరుగుతుంది, ఊపిరి ఎక్కువ తింటుంది. మన బ్యాండుల్లో ట్రంపెట్, క్లారినెట్, యుఫోనియం (చిన్న ట్యూబా లాంటిది) దాదాపు అన్నీ బి-ఫ్లాటువే. అంటే మేళం మొత్తం ఆరున్నర చుట్టూ తిరుగుతుంది. నాదస్వరం సంగతి వేరు, అది రెండు, రెండున్నరల్లో ఉంటుంది. పెళ్లిలో ఆ మేళమూ ఈ మేళమూ కలిసి వాయించడం అరుదు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈ-ఫ్లాట్ వాదులకి అదొక్కటే చాలు గెలవడానికి.

ఇప్పుడు బి-ఫ్లాట్ పక్షం మాట. బరంపురం మాస్టారు ఒకాయన దీన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు: "మాఘమాసంలో ముహూర్తాలు పడ్డాయంటే మనుషులు ఏరీ? బేస్ వాయించేవాడు ఇచ్ఛాపురం మేళానికి ఎల్లిపోతాడు. అప్పుడు యుఫోనియం కుర్రోణ్ణి పిలిచి 'ఒరే, ఇది మెడలో ఏసుకో' అంటాను. వేళ్లు అవే కదా!" ఇందులో చాలా నిజముంది. యుఫోనియం మీద ఏ స్వరానికి ఏ పిస్టనో, బి-ఫ్లాట్ ట్యూబా మీదా అదే, కాకపోతే ఒక స్థాయి కింద పలుకుతుంది. ట్రంపెట్ వాడికీ అంతే. మన దగ్గర ఎక్కువమంది నొటేషన్ కాగితం చూసి వాయించరు, పాట విని చెవితో పట్టేస్తారు. చెవితో పట్టేవాడి వేళ్లకి అలవాటైన దారి ముఖ్యం. అతని చేతికి ఈ-ఫ్లాట్ ఇస్తే ఖాళీగా ఊదిన చోట షడ్జమం రాదు, మధ్యమం వస్తుంది. ఊరేగింపు మధ్యలో అది సర్దుకునేలోగా పల్లవి దాటిపోతుంది. బ్రిటిష్ బ్రాస్ బ్యాండులు ఈ చిక్కుని నొటేషన్‌తో దాటాయి. అక్కడ ఈ-ఫ్లాట్, బి-ఫ్లాట్ బేస్‌లు రెండింటికీ ట్రెబుల్ క్లెఫ్‌లో (హెచ్చు స్వరాలకి వాడే నొటేషన్ గుర్తుతో) మార్చి రాసి ఇస్తారు, వేళ్లు మారవు. ఆ ఉపాయం కాగితం చదివేవాళ్లకే ఉపయోగం.

పర్లాకిమిడి పెద్దాయన దీనికి ఒప్పుకోడు. ఆయన వాదన లెక్కతో మొదలవుతుంది, ఆ లెక్క తప్పు కాదు. మొదటి పిస్టన్ నొక్కితే స్వరం రెండు మెట్లు (హార్మోనియం మీద రెండు కట్టెలు అనుకోండి) దిగుతుంది, రెండోది ఒకటి, మూడోది మూడు. ఒక్కోదానికి ఒక్కో చిన్న గొట్టం ఉంటుంది, దాని పొడవు ఖాళీ బాజా పొడవుని బట్టి కోసింది. మొదటిది నొక్కగానే బాజా మొత్తం పొడుగైపోయింది. ఇప్పుడు మూడోది కూడా నొక్కితే, ఆ పెరిగిన బాజాకి మూడో గొట్టం చాలదు, పొట్టిదవుతుంది. అందుకే ఒకటీ మూడూ కలిపి నొక్కితే స్వరం కొంచెం హెచ్చుతుంది, మూడూ కలిపి నొక్కితే మరీ హెచ్చుతుంది. ట్రంపెట్ మీద వేలితో స్లైడు (జారే చిన్న గొట్టం) జరిపి సర్దుకోవచ్చు. ట్యూబా మీద పెదవితో లాక్కుపోవాలి, లేదా స్లైడు లాగడానికి ఎడమ చెయ్యి ఖాళీగా ఉండాలి.

ఈ లెక్కని మన మేళానికి అన్వయిస్తే ఒక సంగతి బయటపడుతుంది, ఎవరూ చెప్పగా నేను వినలేదు గానీ వేళ్లు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మేళం ఆరున్నరలో ఉంది. బేస్ వాయించేవాడికి అన్నిటికన్నా ఎక్కువసార్లు కావలసింది కింది షడ్జమం. బి-ఫ్లాట్ ట్యూబా మీద అది ఖాళీ స్వరం, పైన పంచమం కూడా ఖాళీయే. మూడు పిస్టన్ల ఈ-ఫ్లాట్ మీద అదే కింది షడ్జమం సరిగ్గా ఒకటీ మూడూ కలిపి నొక్కే చోట పడుతుంది. అంటే రాత్రంతా కొట్టవలసిన ఆధార స్వరమే హెచ్చుగా పలుకుతుంది. అందుచేత చవగ్గా వచ్చిందని మూడు పిస్టన్ల ఈ-ఫ్లాట్ కొనడం నా లెక్కలో అన్నిటికన్నా పనికిమాలిన బేరం.

నాలుగో పిస్టన్ వచ్చిందా, కథ మారిపోతుంది. ఒకటీ మూడూ కలిపి చేసే పనిని అది ఒక్కతే, సరైన పొడవుతో చేస్తుంది. ఇంకా కిందికి దిగినప్పుడు వచ్చే తేడాని సర్దడానికి లండన్‌లో బూజీ కంపెనీలో పనిచేసిన డేవిడ్ బ్లేక్లీ 1874లో ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గాలి పిస్టన్ల గుండా రెండోసారి తిరిగి వెళ్తూ, అవసరమైనప్పుడు మాత్రమే చిన్న అదనపు గొట్టాలు తగిలేలా చేశాడు. దీన్నే కాంపెన్సేటింగ్ అంటారు. పర్లాకిమిడి పెద్దాయన ప్రాణం పెట్టేది దీని మీదే: "నాలుగు పిస్టన్ల కాంపెన్సేటింగ్ ఈ-ఫ్లాట్ ఒక్కటుంటే కిందికి దిగినా నిలబడతాది, పైకి ఎల్తే యుఫోనియంలా పాడతాది. ఇంకేటి కావాలి బాబూ?" ఆయన వెనక పెద్ద పేర్లే ఉన్నాయి. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించిన జాన్ ఫ్లెచర్‌కి పేరు తెచ్చింది ఈ-ఫ్లాటే. నార్వేకి చెందిన ఓయ్‌స్టైన్ బోడ్స్‌విక్ ఒంటరి కచేరీలు చేసేది కూడా ఈ-ఫ్లాట్ మీదే. ట్యూబా ఒక్కదాని కోసం ఇంగ్లీషు స్వరకర్త వాన్ విలియమ్స్ 1954లో కాన్చెర్టో (ఆర్కెస్ట్రా ముందు ఒకే వాయిద్యం నాయకత్వం వహించే రచన) రాశాడంటే, అందులో రెండో భాగమంతా మెల్లగా సాగే పాటే అంటే, పెద్దాయన చెప్పే "పాడటం" ఉత్త మాట కాదని ఒప్పుకోవాలి.

ప్రతిపక్షం ఊరుకోదు. ఆ మెలికల గొట్టాల వల్ల కింది స్వరాలకి ఊపిరి బిగుసుకుపోతుందని ఒక ఫిర్యాదు. ధర రెండో ఫిర్యాదు. బరువు మూడోది. మొదటిది వాయించేవాడి ఛాతీని బట్టి ఉంటుంది, తక్కిన రెండూ నిజం.

సి ట్యూబా గురించి ఎక్కువ చెప్పను. అమెరికా ఆర్కెస్ట్రాల్లో అదే రాజు. చికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా కూర్చున్న ఆర్నాల్డ్ జేకబ్స్ వాయించిన యార్క్ కంపెనీ సి ట్యూబాని చూసి జపాన్, స్విట్జర్లాండ్ కంపెనీలు నకళ్లు చేశాయి. వయొలిన్లతో కలిసి షార్పు శృతుల్లో వాయించేవాళ్లకి అది సుఖం. గంజాం, గజపతి జిల్లాల్లో ఆ అవసరం ఎవరికుంది? బొంబాయో, విదేశమో వెళ్లి ఆర్కెస్ట్రాలో చేరాలనుకునే పిల్లవాడైతే తప్ప దానికోసం అప్పు చెయ్యక్కర్లేదు. ఎఫ్ ట్యూబా జర్మనీ వాళ్ల ముద్దుబిడ్డ, ఇక్కడ దానికి పని లేదు.

పిస్టన్లా (పైకీ కిందికీ కదిలేవి), రోటరీ వాల్వులా (గుండ్రంగా తిరిగేవి) అన్న తగవులో మాత్రం నేను మొహమాటం లేకుండా పిస్టన్ల వైపు. రోటరీ వేలికి మెత్తగా, స్వరం నుంచి స్వరానికి జారినట్టు వెళ్తుంది, జర్మన్లు దాన్ని వదలరు. కానీ మనది గోపాలపురం సముద్రపు గాలి తగిలే ప్రాంతం. ఉప్పు తేమా, ఊరేగింపు దుమ్మూ, ఎవరో చల్లిన రంగుపొడీ అన్నీ లోపలికి పోతాయి. పిస్టన్ ఇరుక్కుంటే రోడ్డు పక్కన మూత తిప్పి, బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి మళ్లీ పెట్టుకోవచ్చు. రోటరీ విప్పడం తెలిసినవాడి పని, పెళ్లి గుమ్మం దగ్గర అతను దొరకడు.

ఇక ఆకారం. నిటారుగా నోరు ఆకాశం వైపు తెరిచిన ట్యూబా గదిలో బ్రహ్మాండంగా ఉంటుంది. కప్పుకి తగిలి మోత కిందికి పరుచుకుంటుంది. వీధిలో ఆ మోత ఆకాశానికి పోతుంది. అమెరికాలో జాన్ ఫిలిప్ సూసా అనే బ్యాండు నాయకుడి సూచన మీద జె.డబ్ల్యు. పెప్పర్ అనే వాయిద్యాల తయారీదారు 1893లో మొదటి సూసాఫోన్ చేసినప్పుడు దాని నోరూ పైకే ఉండేది. కాన్ కంపెనీ 1898లో తనది చేసింది. ఇప్పుడు మనం చూసే ముందుకు తిరిగిన నోరు తర్వాత వచ్చింది, అదే నడిచే బ్యాండులకి వరమైంది. భుజం మీద చుట్టుకుని ఉంటుంది కాబట్టి చేతులకి బరువు లేదు. ఎదురుగా ఉన్న పెళ్లివారికి మంద్రం నేరుగా తగులుతుంది.

దాని కష్టాలు దానికున్నాయి. ఇత్తడిదైతే 12 నుంచి 16 కిలోల దాకా తూగుతుంది, వైశాఖం ఎండలో భుజం ఒరుసుకుపోతుంది. ఫైబర్‌గ్లాసుది చాలా తేలిక, సొట్టలు పడదు, పైన రంగు వేస్తే మెరుస్తుంది కూడా. స్వరం మాత్రం కొంచెం పొడిగా, ఎముక లేనట్టు వస్తుంది. ఇత్తడి ఇచ్చే గుండ్రటి మోత రాదు. అరవై దాటినవాళ్లకీ పదిహేనేళ్ల పిల్లలకీ ఫైబర్ చాలు, మిగతావాళ్లు ఇత్తడే మొయ్యాలి. ఇంకో ఇబ్బంది బరంపురానికి ప్రత్యేకం. రెండేళ్లకోసారి జరిగే బుద్ధి ఠాకురాణి యాత్ర రోజుల్లో పాతబస్తీ సందుల్లో లైట్ల తోరణాలూ తీగలూ కిందికి వేలాడుతుంటాయి. తలకి పైన రెండడుగుల వెడల్పు నోరున్న బాజాతో ఆ సందుల్లో వెళ్లడం ఒక విద్య. అక్కడికి యుఫోనియం రెండు తీసుకుపోవడమే నయం.

కీబోర్డు పక్షం కూడా ఉంది, దాన్ని తీసిపారెయ్యలేం. బండి మీద కీబోర్డు, లౌడ్‌స్పీకర్లు పెట్టి ఎడమచేత్తో బేస్ వాయిస్తే ట్యూబా ఎందుకని మేళం యజమానుల ప్రశ్న. డబ్బు లెక్కలో వాళ్లదే పైచేయి. కానీ ఆ బళ్లకి కట్టే గొట్టం లౌడ్‌స్పీకర్లు మంద్రాన్ని పలకలేవు. ట్యూబా కింది షడ్జమం సెకనుకి సుమారు 58 కంపనలు, ఆ స్పీకర్లకి అది అందదు, జనానికి వినబడేది పై స్వరాల చప్పుడు మాత్రమే. పైగా ఎండ పెరిగితే ఇత్తడి బాజాలన్నీ కలిసి కొంచెం హెచ్చుతాయి, ఎందుకంటే ఒక్క డిగ్రీకి గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. కీబోర్డు కదలదు. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ రెండింటి మధ్యా రేగే గరగర ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు.

కొనడానికి ఎక్కువమంది చూసేది మీరట్ వైపే. అక్కడి జలీ కోఠీ వీధి బ్యాండు వాయిద్యాల పుట్టిల్లు, నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. మీరట్ సరుకు ధరకి తగ్గది, వీధికి చాలు, కానీ ఒకే రకం రెండు బాజాలు ఒకేలా ఉండవు. అందుకని ఫొటో చూసి డబ్బు పంపడం కన్నా చేతిలోకి తీసుకుని ఊది తెచ్చుకోవాలి. వాడేసిన పాత ఇంగ్లీషు, జపాన్ బాజా దొరికితే, కొత్త మీరట్ బాజా ఖరీదుకే వస్తే, పాతదే నా ఓటు. పిస్టన్ నొక్కకుండా దాని స్లైడు బయటికి లాగండి. టప్‌మని గట్టిగా శబ్దం వస్తే పిస్టన్ ఇంకా బిగువుగా ఉన్నట్టు, చప్పుడు లేకుండా వచ్చేస్తే గాలి కారుతున్నట్టు. నోటి దగ్గర సన్నగొట్టంలో సొట్ట ఉంటే వదిలెయ్యండి, అడుగు వంపులో సొట్టకి భయపడక్కర్లేదు. బుడితిలో, బెల్లగుంఠలో గొప్ప ఇత్తడి పనివాళ్లున్నారు గానీ, గొట్టం లోపలి నుంచి సొట్ట తీసి కొలత చెడకుండా ఉంచడం చెంబుల పని కాదు, దానికి వేరే పనిముట్లు కావాలి.

ఊరేగింపు మేళానికి, మనుషులు మారుతుంటే, నా మాట ముందుకు తిరిగిన నోరున్న మూడు పిస్టన్ల బి-ఫ్లాట్ ఇత్తడి సూసాఫోన్. చర్చిలో నాలుగు గొంతుల కీర్తనలకి అడుగు గొంతు కావాలన్నా, స్కూలు బ్యాండు కూర్చుని నొటేషన్ చదువుతున్నా, నాలుగు పిస్టన్ల కాంపెన్సేటింగ్ ఈ-ఫ్లాట్. డబ్బు రెండింటి మధ్యా ఆగిపోతే బి-ఫ్లాటే కొని, మిగిలింది మంచి మౌత్‌పీసు మీద పెట్టండి. బాజాతో పాటు వచ్చే మౌత్‌పీసు చాలాసార్లు అంచు మొరటుగా, కప్పు లోతు తక్కువగా ఉంటుంది. అది మార్చిన రోజునే ఆ బాజాకి మరో అరస్థాయి మంద్రం దొరికినట్టుంటుంది.