తానే వేడెక్కి లెన్సయ్యే సెన్సారు: షాక్-హార్ట్‌మన్‌తో దీర్ఘకాల అనుభవం

షాక్-హార్ట్‌మన్ సెన్సారు కాంతి తరంగాగ్రం, అంటే తరంగం ముందుభాగం, ఎంత వంగిందో కొలుస్తుంది: లెన్స్‌లెట్లనే చిట్టి లెన్సుల వరసలు కాంతిని కెమెరా చిప్పు మీద చుక్కలుగా చేస్తాయి, ఆ చుక్కలు జరిగిన మేరను బట్టి వంపు తెలుస్తుంది. దీన్ని కొనేటప్పుడు లెన్స్‌లెట్లు ఎన్ని, కెమెరా వేగమెంత అని అందరూ అడుగుతారు. స్విచ్ వేసిన తొలి గంటలో డీఫోకస్ (దారిలో లెన్సు ఉన్నట్టు చూపే వంపు) అంకె ఎంత జరుగుతుందని మాత్రం ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. చాలాకాలంగా దీన్ని దాదాపు రోజూ వాడుతున్నాను. దీనిమీద ఇష్టం తగ్గలేదు, ఈ ఒక్క పేచీ కూడా తీరలేదు.

శక్తిమంతమైన లేజరు దారిలో ఉండే గాజు పలకలు ఎంత మేరకు లెన్సులుగా మారుతున్నాయో కొలవడం నా పని. తన గుండా పోయే కాంతిలో పదివేలో వంతును పీల్చుకున్నా చాలు, పలక మధ్యభాగం వేడెక్కుతుంది, అక్కడ వక్రీభవన గుణకం పెరుగుతుంది, చదునైన పలక కుంభాకార కటకంలా పనిచేస్తుంది. బలహీనమైన మరో లేజరు బీమును అదే చోటు గుండా పంపి, దాని తరంగాగ్రం ఎంత వంగిందో సెన్సారులో చూస్తాను.

మొదట్లో దీన్ని తెగ పొగిడాను. అంతకుముందు కెమెరాను బీము వెంబడి ముందుకూ వెనక్కూ జరుపుతూ, నాభి ఎక్కడికి తప్పుకుందో వెతికేవాణ్ని. నాభి జరిగిందని అందులో తెలిసేది గానీ, బీము ఆకారం ఎలా చెడిందో తెలిసేది కాదు. ఈ సెన్సారులో అది ఒక్క ఫ్రేములో కనిపిస్తుంది. వేడి వల్ల పుట్టే లెన్సు మంచి లెన్సు కాదు. గాసియన్ బీము (మధ్యలో ప్రకాశం ఎక్కువగా ఉండి అంచులకు తగ్గేది) వేడి చేసినప్పుడు మధ్యలో మాత్రమే ఉష్ణోగ్రత పారాబోలాలా ఉంటుంది, అంచుల వైపు ఆ వంపు సడలిపోతుంది. అందుకే డీఫోకస్ వెంట గోళీయ విపథనం (అంచు కిరణాలు మధ్య కిరణాలతో ఒకే చోట కలవకపోవడం) కూడా వస్తుంది. తరంగాగ్రం వంపును రకాలవారీగా విడదీసి చూపే జెర్నికి పట్టీలో ఆ రెండు గీతలూ వేరువేరుగా పెరగడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. కాంతి చారలతో కొలిచే ఇంటర్‌ఫెరోమీటరు అయితే పక్కన ఎవరైనా నడిచినా చారలు వణికిపోతాయి. దీనికి ఆ బెడద లేదు.

ఇక పేచీ సంగతి. కొన్ని ఫ్యూజ్డ్ సిలికా (శుద్ధమైన సిలికా గాజు) పలకలను వరసగా కొలుస్తుంటే, ఉదయం కొలిచినవాటి లెన్సు ఎప్పుడూ బలంగా, మధ్యాహ్నం కొలిచినవాటిది ఎప్పుడూ బలహీనంగా వస్తోంది. పలకల క్రమం మార్చినా అదే తీరు. పలకను పూర్తిగా తీసేసి, వేడిచేసే లేజరు ఆపేసి, పరీక్ష బీమును మాత్రమే ఉంచి చూశాను. ఎదురుగా గాలి తప్ప ఏమీ లేదు, అయినా డీఫోకస్ మెల్లగా ఎక్కుతూనే ఉంది. కోమా, ఆస్టిగ్మాటిజం అనే మిగతా రకాల వంకరలు మాత్రం కదలలేదు. పరీక్ష లేజరును రాత్రంతా నడవనిచ్చి, పొద్దున సెన్సారును మాత్రమే ఆపి మళ్లీ వేశాను. అదే ఎక్కుడు. సెన్సారును నడవనిచ్చి లేజరును ఆపి వేస్తే ఏమీ లేదు. కెమెరా ఫ్రేముల వేగం పెంచితే గీత మళ్లీ కొత్తగా ఎక్కడం మొదలుపెట్టింది. అప్పటికి దొంగ దొరికాడు: కెమెరా చిప్పు వేడి.

లెక్క వేస్తే అంతా సరిపోయింది. సిలికాన్ డిగ్రీకి పది లక్షల్లో 2.6 వంతులు వ్యాకోచిస్తుంది, ఫ్యూజ్డ్ సిలికా లెన్స్‌లెట్ పలక సుమారు 0.55 వంతులే. రెండూ 10 డిగ్రీలు వేడెక్కితే తేడా దాదాపు 20 వంతులు. లెన్స్‌లెట్ల కింద పిక్సెళ్లు అన్ని వైపులా కొద్దిగా ఎడంగా జరుగుతాయి, కాంతి చుక్కలు కేంద్రం వైపు వచ్చినట్టు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. లెన్స్‌లెట్ నాభ్యంతరం 5 మి.మీ. అయితే, అది 250 మీటర్ల నాభ్యంతరం గల లేని లెన్సుతో సమానం. కేంద్రం నుంచి 2 మి.మీ. దూరంలో ఉన్న చుక్క జరిగేది 40 నానోమీటర్లే, ఒక పిక్సెల్‌లో వందో వంతు కూడా కాదు. ఇంత చిన్నదాన్ని ఎందుకు పట్టించుకోవాలంటే, 1 మి.మీ. వ్యాసార్ధం గల బీము నుంచి పలక 2 మిల్లీవాట్లు పీల్చుకుంటే పుట్టే నిజమైన లెన్సు కూడా 200 మీటర్ల పైచిలుకే. పైగా రెండింటి గుర్తూ ఒకటే, రెండూ కేంద్రీకరించేవే. కొలవవలసిన వస్తువూ, కొలిచే పరికరం చేసే తప్పూ ఒకే పరిమాణంలో, ఒకే దిశలో ఉంటే అంకెను చూసి ఎలా నమ్మడం? మాన్యువల్‌లో దీని గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

విరుగుడు కాలంలో దొరికింది. పలకలో పుట్టిన లెన్సు బలంలో ఎక్కువ భాగం, వేడిచేసే బీము ఆపిన కొన్ని సెకన్లలోనే పోతుంది. చిప్పు వేడి సద్దుమణగడానికి పదుల నిమిషాలు పడుతుంది. కాబట్టి బీమును వేస్తూ ఆపుతూ, ప్రతి జతకూ మధ్య తేడానే తీసుకుంటాను. సెన్సారు ఎంత మెల్లగా జరిగినా ఆ తేడాలో కొట్టుకుపోతుంది. ఈ పద్ధతిలో ఉదయం పలకలూ మధ్యాహ్నం పలకలూ చివరికి ఒక్కటయ్యాయి.

పైన కదలికల బెడద లేదన్నాను. వేగంగా వచ్చే వణుకు విషయంలో అది నిజమే, నెమ్మదిగా వచ్చే వేడి విషయంలో కాదు. ఒక్క ఫ్రేము చాలన్నది కూడా పెద్ద విపథనాలకే వర్తిస్తుంది. నా పలకలకు వందల ఫ్రేముల సగటు కావాలి. ఇంకో చిక్కు: విశ్లేషణకు గీసే వృత్తం కాస్త పెద్దదైతే డీఫోకస్ అంకె మారిపోతుంది, ఎందుకంటే అంచుల్లో వంపు వేరు. వృత్తం కొలత రాయకుండా ఎవరైనా థర్మల్ లెన్సు విలువ చెబితే నేను దాన్ని పోల్చి చూడను. మామూలు లేజరును పరీక్ష బీముగా వాడితే, చిప్పు మీది గాజు నుంచి వచ్చే ప్రతిబింబాలు చారలు కట్టి చుక్కల కేంద్రాలను లాగుతాయి. లైగో గురుత్వ తరంగ శోధకంలో అద్దాల థర్మల్ లెన్సును కొలిచేందుకు లేజరుకు బదులు ఇలాంటి చారలు కట్టని కాంతినిచ్చే సూపర్‌ల్యూమినిసెంట్ డయోడు, లెన్స్‌లెట్లకు బదులు రంధ్రాల పలక వాడతారు. 1900 ప్రాంతంలో హార్ట్‌మన్ వాడిందీ రంధ్రాల పలకే. లెన్స్‌లెట్లు 1971లో షాక్, ప్లాట్‌లతో వచ్చాయి.

కటకాల్లో కోమా, ఆస్టిగ్మాటిజం తనిఖీ చేసుకోవడానికైతే ఇది నిశ్చింతగా కొనవచ్చు. వేడి లెన్సుల కోసమైతే, నాకు నెగ్గుకొచ్చిందంటే వేడిచేసే లేజరు నా చేతిలో ఉంది, ఎప్పుడంటే అప్పుడు ఆపగలను. ఆపడానికి వీలులేని యంత్రం ముందు పెట్టి వారాల తరబడి గమనించాలనుకునేవారికి ఈ ఉపాయం పనికిరాదు. వాళ్లు చిప్పు ఉష్ణోగ్రతను నియంత్రించే నమూనాను అడగాలి, తొలి గంట డీఫోకస్ గీతను చూపించమని అమ్మేవాళ్లను నిలదీయాలి.